మామ కట్టిన పన్నెండు గాలాలు

మొన్న గురువారం పొద్దున మా కింది వాటా మామ పోయాడు. నిద్రలోనే పోయాడట. మా మధ్య వరస ఏమీ లేదు, మామ అని నేనే కలుపుకున్నాను.

అమీర్‌పేటలో హాస్టళ్ల సందు మాది. ఆదివారం చెరువులకు చేపల కోసం పోయేవాళ్లు పంజాగుట్ట నుంచి కూడా ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు, గాలాలు కట్టించుకోవడానికి. మీలో కూడా ఒకరిద్దరు వచ్చే ఉంటారు. జానెడు తంగూసు ముక్కకు, అంటే నైలాన్ దారానికి, గాలం, ఆ ముక్క పొడుగాటి తాడుకు, మూరకొకటి. ముడి బిగించే ముందు నోట్లో పెట్టి తడిపేవాడు. నేను ఊరుకుంటానా?

"ఏం మామా, చేప కంటే ముందు నువ్వే మింగుతున్నవా?"

"నోరు ముయ్యిరా కోతి. పొడిగ గుంజితే తంగూసు వేడెక్కి కమిలిపోతది."

ఈమధ్య ఆయన కళ్లు బాగా మసకబారాయి. ఒకరోజు గాలం బొటనవేలిలో దిగింది. ఆయన కోడలు భయపడి నన్ను పిలిచింది.

"అన్నా, నువ్వన్న జెప్పు, బంద్ చేయమను. నా మాట ఇంటలేడు."

గాలాలు వద్దంటే అన్నం కూడా మానేసే మనిషి. నాకేమో బుద్ధులు చెప్పడం రాదు, ఆట పట్టించడమే వచ్చు. ఆయన చాయ్ తాగడానికి లోపలికి పోగానే, కట్టిన పన్నెండింటిలో ఒక గాలం విప్పి, పొడిగా ముడేసి పెట్టాను. చూడ్డానికి అచ్చం ఆయనదే. "గిది దొరకవట్టకపోతే నేనే బంద్ చేయిస్త" అని కోడలి చెవిలో చెప్పాను.

మామ వచ్చి కూర్చున్నాడు. ఎటో చూస్తూ తాడును వేళ్ల మధ్య నుంచి జార్చుకుంటూ పోయాడు. ఏడో గాలం దగ్గర ఆగి, ముడిని గోటితో తడిమాడు.

"గిది నీ పనేనారా?"

"నీదే మామా. కండ్లు కనవడక గుర్తువడ్తలేవు."

మామ తంగూసు చేతికి చుట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. ముడి దగ్గర పుటుక్కున తెగింది.

"నవ్వులాట నాతోని ఆడు, చేపతోని గాదు. గిది తెగితే గాలం దాని నోట్లనే ఉంటది. ఇగ అదేం తింటది?"

తిట్లు నాకు కొత్త కాదు. ఈసారి మాత్రం వంగి, తెగిపడ్డ గాలం ఏరాను. కోడలు లోపలికి పోయి కొత్త గాలాల పొట్లం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

మామ ఆ ఒక్కటీ మళ్లీ కట్టి, "గా కొస పట్టుకో" అన్నాడు. తాడు పట్టుకుని వరండా చివరిదాకా నడిచాను. పన్నెండు గాలాలూ ఒకే ఎత్తున, ఒకే దూరంలో ఎండకు మెరిశాయి.

"సక్కగున్నయారా?"

జవాబుగా నా కొసను ఒకసారి మెల్లగా కదిపాను. గాలాలు ఒకదాని వెంట ఒకటి సన్నగా ఊగుతూ పోయి, అటు కొసన మామ వేళ్ల దగ్గర ఆగాయి.