అద్దానికి అవతలివైపు

కిష్టమ్మకు అద్దాలంటే కోపం. రాయదుర్గం దగ్గరున్న ఐటీ టవర్‌లో పదకొండేళ్లుగా లోపలివైపు అద్దాలు తుడుస్తోంది. ఎంత తుడిస్తే ఏం లాభం? లోపల మెరిసేకొద్దీ బయట అంటుకున్న దుమ్మూ, పావురాల రెట్టా ఇంకా బాగా కనిపించేవి. బయటివైపు మగవాళ్లది. పైకప్పు నుంచి ఇనుప తాళ్లకు వేలాడే తొట్టిలో వాళ్లు దిగుతుంటే, "ఆ మూలకు వదిలేసినవ్" అని లోపలి నుంచి సైగ చేసేది. వాళ్లు నవ్వి కిందికి వెళ్లిపోయేవారు.

ఈ ఏడు తొట్టి పనికి నలుగురు కొత్తవాళ్లు కావాలన్నారు. ఆడవాళ్లు కూడా రావచ్చట, కాకపోతే నలభై అయిదేళ్లు దాటకూడదట. కిష్టమ్మకు నలభై నాలుగు దాటి ఎనిమిది నెలలు. ఈసారి తప్పితే ఇక జన్మలో తొట్టి లేదు. అందరికంటే ముందు తన పేరే రాయించింది.

భర్త వీరేశం ఆటో నడుపుతాడు. సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు.

"పిచ్చి లేసిందా ఏంది? అంత మీదికెళ్లి పడితే?"

"తడి బండ మీద జారి చెయ్యి ఇరగ్గొట్టుకున్ననాడు నేను ఎంత మీద ఉంటి?"

"అది గాదే. నేర్పేది కూడ నిజం మేడ మీద కాదంట. కండ్లకు పెట్టె కట్టి ఏదో సూపిస్తరంట. లేని మేడ ఎక్కి ఏం నేర్సుకుంటవ్?"

"ఉన్న మేడ ఎవలన్న ఎక్కనిచ్చిన్రా?" అంది. వీరేశం ఆటో తాళం తీసుకుని బయటికి నడిచాడు.

ఆమె పుట్టింది నల్లగండ్లలో, అక్కడ ఇంకా తాటివనం ఉన్న రోజుల్లో. తండ్రి గీత కార్మికుడు. అన్నలిద్దరికీ చెట్టెక్కడం నేర్పాడు గానీ, నేనూ ఎక్కుతానంటే బెత్తం తీశాడు. చెట్టెక్కే తాడు, మోకు, భుజాన వేసుకుని చెట్టు మొదలు దాకా మోసుకెళ్లడం ఒక్కటే ఆమె వంతు. ఆ ఉక్రోషం ఇన్నేళ్లయినా చల్లారలేదు.

శిక్షణ మూడో అంతస్తు మీటింగ్ గదిలో. కుర్చీలన్నీ గోడకు జరిపారు. పదకొండుమంది వచ్చారు, అందులో ఆడది కిష్టమ్మ ఒక్కతే. నేర్పే అమ్మాయి పేరు ప్రియాంక, గోదావరి జిల్లా పిల్ల. "ఇందులో పడిపోయినా ఏమీ కాదండి. తప్పులన్నీ ఇక్కడే చేసేయండి, పైన చేయకుండా" అని ముందే చెప్పింది.

మొదట తిరుపతి లేచాడు. ఇరవై ఆరేళ్లు, జిమ్ము కండలు. లేని మేడను కళ్లముందు నిలిపే ఆ వీఆర్ పెట్టె కళ్లకు కట్టిన నిమిషంలోనే "ఓయమ్మో" అంటూ తివాచీ మీద నాలుగు కాళ్ల మీద కూలబడ్డాడు. అందరూ విరగబడి నవ్వారు. పాపం, వాళ్లలో సగంమంది గతి తర్వాత అదే అయింది.

కిష్టమ్మ పెట్టుకుంది. గది పోయింది. పైకప్పు అంచున నిలబడి ఉంది, పక్కన తొట్టి ఊగుతోంది, కింద ఫ్లైఓవర్ బెత్తెడంత కనిపిస్తోంది. భయం వేయలేదు. ఎంత సంతోషమేసిందంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. తొట్టిలో కాలు పెట్టబోతూ అలవాటుగా దాన్ని ముట్టి కళ్లకద్దుకుంది. వెంటనే లోకమంతా ఎర్రగా మారి ఆగిపోయింది.

"ప్రమాదం వస్తే నొక్కే ఎర్ర బటన్ నొక్కేశారండి" అంది ప్రియాంక.

"నేనేడ నొక్కిన? దండం పెట్టుకున్న."

పని మొదలుపెట్టే ముందు పనిముట్టుకు మొక్కడం వాళ్ల ఇంటి పద్ధతి. తండ్రి చెట్టును ముట్టి కళ్లకద్దుకోనిదే మోకు బిగించేవాడు కాదు. కిష్టమ్మ చీపురుకూ, బకెట్టుకూ కూడా మొక్కుతుంది. తొట్టి గుమ్మం దగ్గరే ఎర్ర బటన్ ఉంది, చెయ్యి తిన్నగా దాని మీదికే పోతోంది. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. తిరుపతీ మిగతావాళ్లూ మాత్రం నాలుగు అంతస్తులు దిగి ఎక్కి వచ్చేస్తున్నారు.

టవర్ పనులన్నీ చూసే మేనేజర్ ఉదయ్ భాస్కర్ వచ్చి చూశాడు. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఆ మొక్కుడు బంద్ చేయరాదమ్మా?"

"మొక్కకుంటే నాకు చెయ్యి రాదు సార్" అంది. మాట మెత్తగానే ఉంది గానీ మనిషి మెత్తబడలేదు.

ఆ రోజు నుంచి అన్నం గిన్నె అయిదు నిమిషాల్లో ఖాళీ చేసి ప్రియాంక ముందు నిలబడేది. "జర పెట్టె ఇయ్యి బిడ్డా. తొట్టి ఎక్క, ఊకె చుట్టు తిరిగి చూస్త."

ప్రియాంక తన భోజనం పక్కన పెట్టి ఇచ్చేది. కిష్టమ్మ ఆ లేని మేడ మీద తొట్టి చుట్టూ తిరిగింది, వంగి చూసింది, బోల్టులు లెక్కపెట్టింది. వెనకవైపు ఇనుప తాడు కొక్కేనికి తగులుకునే చోటు కనిపించింది. అక్కడ బటన్లు లేవు. తొట్టి బరువంతా మోసేది ఆ కొక్కెం, అది ఊడకుండా పట్టుకునేది వేలెడంత చీల. మొక్కితే దీనికే మొక్కాలి కదా అనుకుంది. అప్పటి నుంచి ముందు వెనక్కి వెళ్లడం, చీల చూసి కొక్కేన్ని ముట్టి కళ్లకద్దుకోవడం, తర్వాతే ఎక్కడం. ఎర్ర వెలుగు మళ్లీ రాలేదు.

శనివారం అసలు పరీక్ష. ఒక్కొక్కరికీ ఒక్కటే అవకాశం. పదిమందీ చకచకా ఎక్కి దిగారు. మార్కులు చివర్లో చెప్తానంది ప్రియాంక. ఆఖరున కిష్టమ్మ వంతు. వెనక్కి వెళ్లింది. చెయ్యి చాచింది. కొక్కెం ఉంది, చీల లేదు.

మళ్లీ చూసింది. లేదు.

"టైమ్ నడుస్తున్నదమ్మా" అన్నాడు గోడ వారనున్న ఉదయ్ భాస్కర్. "ఎక్కు."

పదిమంది ఎక్కారు, ఎవరికీ ఏం కాలేదు. ఇది నిజం తొట్టీ కాదు. కళ్లు మూసుకుని ఎక్కేస్తే అయిపోతుంది, ఎక్కకపోతే ఈ జన్మంతా లోపలి అద్దాలే. అయినా కాలు లేవలేదు.

"నేనెక్క."

"భయమైతున్నదా?"

"భయం కాదు సార్. చీల లేదు. గిట్లున్న తొట్టి నేనెక్క, ఇంకెవ్వల్ని ఎక్కనియ్య."

పెట్టె తీసి బల్ల మీద పెట్టేసింది. అయిపోయింది, అంతా నా చేతులతో నేనే పోగొట్టుకున్నాననుకుంది.

ప్రియాంక కాగితాల్లో మార్కులు రాసుకుంది. తర్వాత అంది: "ఇవాళ అందరికీ ఆ చీల తీసేసే పెట్టానండి. వారమంతా సరిగ్గా ఉంది కాబట్టి ఎవరూ చూడరని తెలుసు. పదిమందీ పోయినట్టే. పాసైంది కిష్టమ్మగారొక్కరే."

కిష్టమ్మ బావురుమంది, ఎవరేమనుకున్నా సరేనని.

మిగతా మూడు ఉద్యోగాలకు తిరుపతికీ మిగతావాళ్లకూ ఇంకో వారం శిక్షణ ఇచ్చి, మళ్లీ పరీక్ష పెట్టి ముగ్గురిని తీసుకున్నారు. ఆ తర్వాతి సోమవారం పొద్దున్నే నలుగురూ నిజం పైకప్పు మీదికి వెళ్లారు. గాలి ఈడ్చి కొడుతోంది. ఉదయ్ భాస్కర్ వాచీ చూసుకుని, కానియ్యండి కానియ్యండి అన్నాడు. తిరుపతి కాలెత్తబోయి ఆగాడు.

"అక్కా, ఎక్కాల్నా?"

"ఆగు" అంటూ కిష్టమ్మ తొట్టి వెనక్కి నడిచింది. మేనేజర్‌తో సహా అందరూ ఆగారు.