కంపెనీ ల్యాప్‌టాప్‌కి మా ఇంటి బొట్టు

మా ఇంట్లో కంప్యూటర్ లేదన్న సంగతి నాకు ఉద్యోగం పోయిన రోజు తెలిసింది.

అంతకుముందు లేదా అంటే, ఉంది. ఉండటమేమిటి, ఇల్లంతా అదే ఉండేది. నిజాంపేటలో మా ఫ్లాటు డైనింగ్ టేబుల్ మీద మేము అన్నం తిన్న పాపాన పోలేదు. దాని మీద ల్యాప్‌టాప్ కాపురముండేది. మేము ముగ్గురం కంచాలు ఒళ్ళో పెట్టుకుని సోఫాలో ఒదిగి, దానికి చారు చుక్క తగలకుండా భయభక్తులతో తినేవాళ్ళం. కరెంటు బిల్లు దాంట్లోనే కట్టాం. అమ్మాయి స్కూలు ప్రాజెక్టులన్నీ దాంట్లోనే చేశాం. చుట్టాల పెళ్ళి వీడియోలు దాంట్లోనే చూసి, మమ్మల్ని ఎక్కడా సరిగ్గా చూపించలేదని దాని ముందే తిట్టాం. ఏది కావాలన్నా మా ఆవిడ “మన కంప్యూటర్ల ఉంది చూడు” అనేది. ‘మన’ అనే మాటను అంత ధీమాగా, అంత తప్పుగా వాడిన ఇల్లు సైబరాబాద్‌లో మాదొక్కటే అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది.

పైగా దానికి పూజ కూడా చేసేవాళ్ళం. దసరాకి ఆయుధ పూజ చేయాలి కదా. మా నాయన బతికినన్నాళ్ళూ లారీ స్టీరింగుకి బొట్టు పెట్టాడు. ఆ లారీ సేటుదని మా నాయనకు తెలుసు. ల్యాప్‌టాప్ కంపెనీదని నాకు గుర్తు లేదు. ఆయన ఐదో తరగతి, నేను ఇంజినీరింగు.

మా ఆవిడ బొట్టు పెట్టిందంటే పైపైన పెట్టదు, పునాది తవ్వి పెడుతుంది. ముందు అరచేయంత పసుపు, దాని నడుమ కుంకుమ. ఏటేటా అదే చోట. చివరికి ఆ ఎరుపు ప్లాస్టిక్కులోకి ఇంకిపోయి, మూత వేసి ఉంటే ల్యాప్‌టాప్ ముత్తైదువలా కనిపించేది. మీటింగుల్లో అందరూ ఒకే రకం ల్యాప్‌టాప్‌లు పక్కపక్కన పెట్టినా, నాది నేను మెట్రోలోంచి గుర్తుపట్టగలిగేవాణ్ణి.

దసరా అయిన కొన్ని వారాలకు నన్నొక గదిలోకి పిలిచారు. బల్ల మీద నీళ్ళ సీసా, టిష్యూ కాగితాల డబ్బా ఉన్నాయి. అన్నేళ్ళ సర్వీసులో నాకోసం ఎవరూ టిష్యూలు పెట్టలేదు, అప్పుడే అనుమానమొచ్చింది. “మాతో మీ ప్రయాణం ఎంతో విలువైనది” అని మొదలుపెట్టారు. ప్రయాణం అనగానే నేను దిగాల్సిన స్టాపు వచ్చిందని అర్థమైంది.

కింది అంతస్తులో కంపెనీ వస్తువులు వాపసు తీసుకునే కౌంటర్. అక్కడ ఒక అమ్మాయి, మాట తీరు చూస్తే గుంటూరు వైపు పిల్ల, నా ల్యాప్‌టాప్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఈ మరకేంటండీ?”

“మరక కాదమ్మా, బొట్టు.”

“అది తెలుస్తోందండీ. ఇక్కడ రాయడానికి బొట్టు అనే ఆప్షన్ లేదండీ. డ్యామేజీ కింద వేస్తున్నా, ఏమీ అనుకోకండి.”

జేబురుమాలు నీళ్ళలో తడిపి రుద్దాను. రుమాలు ఎర్రబడింది కానీ బొట్టు కదల్లేదు. ఆ పిల్ల ల్యాప్‌టాప్‌ని బోర్లా తిప్పి, అడుగున వెండి రంగు స్టిక్కరు మీది నంబరు చదువుకుంది. ‘ఈ సొత్తు కంపెనీకి చెందినది’ అని ఇంగ్లీషులో స్పష్టంగా రాసి ఉంది. ఇన్నేళ్ళు మెట్రోలో ఒళ్ళో పెట్టుకున్నప్పుడల్లా ఆ స్టిక్కరు నా తొడలకు రాసుకుంటూనే ఉంది. తొడలకు చదువు రాదు.

ఆ రోజు మొదటిసారి మా డైనింగ్ టేబుల్ మీద వడ్డించుకుని తిన్నాం. ల్యాప్‌టాప్ ఉన్న చోట చెక్క కొత్తగా, నలుచదరంగా మెరుస్తోంది. ముగ్గురిలో ఒక్కరమూ అక్కడ గిన్నె పెట్టలేదు.

తర్వాత నెలలన్నీ నేను సోఫాలో పడుకుని, సెల్‌ఫోన్‌లో ఉద్యోగాలు వెతుకుతూ గడిపాను. నేను పంపిన దరఖాస్తులు పేర్చితే హైటెక్ సిటీ ఫ్లైఓవర్ అంత ఎత్తు లేస్తుంది. జవాబులు పేర్చితే చీమ కూడా తట్టుకుని పడదు.  ఒకరోజు మా ఆవిడ కూరగాయలు తరుగుతూ మామూలుగా చెప్పింది.

“ఆన్‌లైన్ ట్యూషనోళ్ళు నన్ను తీసుకున్నరు. పదో తరగతికి లెక్కలు. సోమారం మొదటి క్లాసు.”

పెళ్ళికి ముందు ఆవిడ బడిలో లెక్కల టీచరు. ఆ సంగతి నేను మరిచిపోయాను. ఆవిడ మరవలేదు.

“మంచిదే కదా” అన్నాను, గొంతులో ఆనందం ఎంత పడితే అంత పోసి.

“సొంత కంప్యూటర్ ఉండాల్నట. ఫోన్‌ల నడవదట. సోమారం వరకు లేకుంటే ఇంకో టీచర్‌కు ఇస్తరట.”

శాలరీ రాని ఇంట్లో ఆ సోమవారం అంటే ఏమిటో చెప్పుకోనక్కర్లేదు. బియ్యం డబ్బా అడుగు కూడా మాతోపాటు ఆ సోమవారం కోసం చూస్తోంది.

మొదటి వారం గడపడానికి ఎవరిదైనా ల్యాప్‌టాప్ అడుగుదామని ఆవిడ అపార్ట్‌మెంటులో బయల్దేరింది. మా అపార్ట్‌మెంటులో దోమలకన్నా ల్యాప్‌టాప్‌లు ఎక్కువ. పొద్దున లిఫ్టులో ఇరుక్కుంటే డొక్కలో గుచ్చుకునేవన్నీ అవే. అన్ని తలుపులూ తట్టి ఉత్త చేతులతో తిరిగొచ్చింది.

“ఏమన్నరు?”

“అందరిది ఒకటే మాట. ‘అది ఆఫీస్‌ది ఆంటీ, వేరేవాళ్ళు ముట్టుకుంటే ప్రాబ్లమ్.’ తోడుకు పెరుగు ఇచ్చిన్రు, కరివేపాకు ఇచ్చిన్రు, కంప్యూటర్ మాత్రం ఎవ్వరికీ లేదు. ఇంత పెద్ద బిల్డింగుల ఒక్కరిది ఒక్కటి సొంతం కాదంటే నమ్ముతవా?”

నమ్మాను. నాకంటే బాగా నమ్మేవాడెవడు?

ఇక కొనడమే మిగిలింది. ఇంట్లో కంప్యూటర్ మనిషిని నేను కాబట్టి ఎంపిక నాది. ఇక్కడొక నిజం చెప్పాలి. కంప్యూటర్ల రంగంలో ఇన్నేళ్ళు నేను చేసింది, కంప్యూటర్లతో పనిచేసేవాళ్ళు ఎంత పని చేశారో ఇంకొకరికి రంగురంగుల స్లైడ్లలో చెప్పడం. మూత కింద ఏముంటుందో నాకు, మా వాచ్‌మన్‌కి సమానంగా తెలుసు. అయినా రెండు రోజులు ఫోన్‌లో చదివి మహాజ్ఞానినయ్యాను. మెమరీ ముప్పై రెండు ఉండాలన్నాను. గ్రాఫిక్స్‌కి వేరే కార్డు లేకపోతే మనిషి బతుకు వ్యర్థమన్నాను. నేను చదివేకొద్దీ ల్యాప్‌టాప్ పెరిగి పెరిగి చంద్రమండలానికి దారి చూపించే స్థాయికి చేరింది.

“నేను పిల్లలకు లెక్కలు చెప్పాలె” అంది మా ఆవిడ. “రాకెట్ పంపేది లేదు. తెర మీద రాయాలె, మొఖం కనవడాలె, గొంతు ఇనవడాలె, కరెంటు పోతే ఆరిపోవద్దు. గంతే.”

“ముందు ముందు అవసరమొస్తుంది.”

“ముందు సోమారం రానియ్యి.”

శనివారం నా పట్టుదల మీద కొండాపూర్‌లో ఒక షోరూముకు వెళ్ళాం. లోపల వెలుగెంతంటే, నా పళ్ళలో నిన్నటి పుంటికూర కూడా అందరికీ కనిపించి ఉంటుంది. సేల్స్ కుర్రాడు నా మాటలు విని, అక్కడున్నవాటిలో అన్నిటికన్నా పెద్ద రాక్షసిని నా ముందు పెట్టాడు. కీబోర్డు కింద బతుకమ్మకు పేర్చినట్టు అన్ని రంగుల లైట్లు. ధర విని మా ఆవిడ అక్కడున్న కుర్చీలో కూర్చుంది.

“కిస్తీల్లో కట్టుకోవచ్చు సర్. ఎక్కడ చేస్తున్నారు?”

“హైటెక్ సిటీల.”

“ఏ కంపెనీ సర్?”

“ప్రస్తుతం... మధ్యలో ఉన్నా.”

కుర్రాడికి అర్థం కాలేదు. మా ఆవిడ కుర్చీలోంచే అర్థం చెప్పింది. “ఒకటి విడిచిపెట్టింది, ఇంకోటి పట్టుకోలే. నడుమల ఉన్నడు.”

వాడు మర్యాద తగ్గించలేదు, కానీ ల్యాప్‌టాప్ మూత మాత్రం మెల్లగా మూశాడు. “పోనీ మేడమ్ శాలరీ స్లిప్ ఉన్నా చాలు.”

“అది రావాలంటేనే కంప్యూటర్ కావాలె గదా తమ్మీ!”

మూత సందులోంచి కనిపిస్తున్న ఆ రాక్షసి లైట్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి.   బయటికొచ్చాక మా ఆవిడ ఆటోలో నా వైపు చూడకుండా, వెళ్ళాల్సింది హఫీజ్‌పేట్ స్టేషన్ దగ్గరికని డ్రైవరుకు చెప్పింది. అక్కడ వాడిన ల్యాప్‌టాప్‌లు బాగుచేసి అమ్ముతారని కరివేపాకు ఇచ్చినావిడ చెప్పిందట.

“సెకండ్ హ్యాండా?” అన్నాను, అంతకన్నా దరిద్రం లేదన్నట్టు.

“నువ్వేమన్న షోరూం పీసువా?”

ఆ కొట్టు ఒక బిర్యానీ హోటల్ పైన ఉంది. గోడ నిండా అలమరాలు, అలమరాల నిండా మూతలు వేసిన ల్యాప్‌టాప్‌లు, ఇటుకబట్టీలో ఇటుకల్లా. కొట్టాయన చాయ్ గ్లాసు పట్టుకుని ఎదురొచ్చాడు.

“రండ్రి సార్, కూసోండ్రి మేడమ్. అన్ని కార్పొరేట్ పీసులే. జర కూడా ఫికర్ చెయ్యొద్దు. ఏసీల పుట్టినయ్, ఏసీల పెరిగినయ్.”

నేనూ అన్నేళ్ళు ఏసీలోనే పెరిగాను, నన్నెవరూ కొనడం లేదని చెబుదామనుకున్నాను. అంతలో ఆయన ఒక దొంతర తెచ్చి బల్ల మీద పెట్టాడు. అన్నిటికన్నా పైనున్న దాని మూత మీద ఎర్రటి మచ్చ కనిపించింది. దాని కిందదాని మీద పసుపు చార. ఆ కిందదాని మీద గంధం గీతలు, నడుమ ఎరుపు.

“ఇవి...” అన్నాను.

“బొట్లు సార్. దసరా బొట్లు. సగం పీసులు గిట్లనే వస్తయ్. పోయినసారి పండుగైనంక వచ్చిన లాట్ అయితే మొత్తం బొట్లే. పండుగకు ముందే మనుషులను తీసేస్తే బాగుండదని కంపెనీలోళ్ళు ఆగిన్రు కావచ్చు. మంచోళ్ళు.”

ఆ మాటన్నాక ఆయన నవ్వలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంది. సైబరాబాద్‌లో నావంటి వెర్రివాళ్ళు ఎందరున్నారో లెక్క చూడాలంటే ఆ అలమరాలే చాలు. ప్రతి ఇల్లూ ఎవరి సొత్తుకో పూజ చేసి, హారతిచ్చి, పండుగ అయ్యాక భద్రంగా వాపసిచ్చింది. బోర్లా తిప్పి చూస్తే స్టిక్కరు పీకేసిన చోట నలుచదరంగా జిగురు మాత్రం మిగిలింది.

అక్కణ్ణించి నాకు కొనే ధ్యాస పోయింది. దొంతరలు దించి నాదాన్ని వెతకడం మొదలుపెట్టాను. అరచేయంత పసుపు, నడుమ కుంకుమ, చుట్టూ నా రుమాలు రుద్దుడు. దొరికితే ఏం చేస్తానో నాకే తెలియదు.

మా ఆవిడ మాత్రం నా దిక్కు చూడకుండా కొనే పనిలో పడింది. ఒక్కోదాన్ని తెరిచి అక్షరాలన్నీ టకటకా కొట్టి చూసింది. మీటలు అంటుకునేవాటిని పక్కకు తోసింది. నచ్చినదాని కరెంటు వైరు పీకేసి, ట్యూషనువాళ్ళ పాఠం బోర్డు తెరిచి, ఇంట్లో ఉన్న అమ్మాయికి వీడియో కాల్ చేసింది.

“నా మొఖం మంచిగ కనవడుతుందా? ఇగో, బోర్డు మీద రాసిన ఈ బహుపదికి కారణాంకాలు చెప్త, విను.” ఆ కొట్టులో, కింది నుంచి బిర్యానీ వాసన వస్తుండగా, గొంతు సవరించుకుని పాఠం మొదలుపెట్టింది. నేనెప్పుడూ వినని గొంతు. కొట్టాయన చాయ్ తాగడం మరిచి నిలబడ్డాడు. పాఠం అయ్యేదాకా ల్యాప్‌టాప్ ఆరలేదు.

“అమ్మా, అంతా సమజైంది” అంది మా అమ్మాయి తెరలోంచి. “నీ వెనుక నాన్న ఏం చేస్తున్నడు?”

అందరూ నా వైపు తిరిగారు. నేను కింది అలమరాలో తల దూర్చి ఉన్నాను.

“ఏం దేవులాడుతున్నరు సార్?” అన్నాడు కొట్టాయన. “మీదేమన్న పోయిందా?”

“పోయింది” అన్నాను.

 మా ఆవిడ ల్యాప్‌టాప్ చేతిలోకి తీసుకుని కొట్టాయన వైపు తిరిగింది. “ఇది ఖరాబైతే?”

“కొన్ని దినాలు నా జిమ్మేదారి మేడమ్. తెచ్చియ్యుండ్రి, ఇంకోటిస్త.”

నా ముప్పై రెండు మెమరీలో సగానికి సగమే ఉంది దాంట్లో. గ్రాఫిక్స్ కార్డు ఊసే లేదు. మా దగ్గరున్న నోట్లకు సరిపోయింది, బేరమాడాక ఆటోకి కూడా మిగిలింది. దాని మూత మీద కూడా బొట్టుంది. మా ఆవిడ చేతి బొట్టు కాదు. చిన్నది, నిలువుగా, గీత గీసినట్టు పొందికగా పెట్టిన బొట్టు. ఎవరో నిదానస్థురాలు.

“తుడవాల్నా మేడమ్, ఉండనియ్యాల్నా?”

“తుడువు. ఎవరి బొట్టు వాళ్ళదే.”

ఆయన గుడ్డపీలికను థిన్నర్‌లో ముంచి ఒక్కసారి రాశాడు. పోయింది. కంపెనీ కౌంటరులో నన్ను నేరస్థుణ్ణి చేసినలాంటి మరకే, ఒక్క తుడుపులో, ఎప్పుడూ లేనట్టు.

సోమవారం క్లాసు జరిగింది. ఆ తర్వాత రోజూ జరుగుతోంది. డైనింగ్ టేబుల్ మళ్ళీ మాది కాకుండా పోయింది. ఈసారి మాత్రం దానిమీదున్నది ఒక మనిషి సొంతం. నాకు ఆజ్ఞలొచ్చాయి. బనీను మీద వెనుక నుంచి తిరగొద్దు. ఫోన్‌లో గట్టిగా మాట్లాడొద్దు. అన్నిటికన్నా ముఖ్యం, క్లాసు నడిచేటప్పుడు కుక్కర్ విజిల్ రావొద్దు. ఒకప్పుడు పెద్ద టీము పని ఆలస్యం కాకుండా చూసినవాణ్ణి, ఇప్పుడు పట్టుకారుతో పొయ్యి దగ్గర నిలబడి, ఆవిరి ఉబికినప్పుడల్లా విజిల్‌ని మెల్లగా ఎత్తి నోరు నొక్కుతున్నాను. పప్పు బాగానే ఉడుకుతోంది. ఎవరూ స్లైడ్లు అడగడం లేదు.

మొన్న మళ్ళీ దసరా వచ్చింది. మా ఆవిడ తలస్నానం చేసి, పసుపు, కుంకుమ తెచ్చి తన ల్యాప్‌టాప్ మూత మీద బొట్టు పెట్టింది. పునాది తవ్వే బొట్టే. నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఇన్నేళ్ళు ఆ బొట్టు నా ఆయుధానికి పెట్టింది. ఇప్పుడు నాకు ఏ ఆయుధముందని అడగబోయి నోరు మూసుకున్నాను.

అడగకపోయినా జవాబొచ్చింది. కుంకుమ భరిణె పట్టుకుని వంటింట్లోకి నడిచి, కుక్కర్ మూత మీద అంతే పెద్ద బొట్టు పెట్టింది.

“అది నీది” అని, క్లాసు వేళైందని వెళ్ళిపోయింది.

వంటింటి తలుపు మూసుకున్నాక కుక్కర్‌ని బోర్లా తిప్పి చూశాను. అడుగున మసి తప్ప ఏ స్టిక్కరూ లేదు.