చిన్నస్వామి పెట్టిన తాంబూలం

చిన్నస్వామి పోయినప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్లందరూ ఆయన కోపాన్నే తలుచుకున్నారు. ధర్మవరంలో మగ్గం నేసేవాళ్లకు కోపం తెచ్చుకునే తీరిక తక్కువ. మగ్గం గుంతలో కాళ్లు, పోగును అటూ ఇటూ తోసే నాడె మీద చెయ్యి, పోగు మీద కన్ను. ఇక కోపానికి చోటెక్కడ? చిన్నస్వామి మాత్రం ఎలాగో చోటు చేసుకునేవాడు. షావుకారు ఎవరి చీరలోనైనా లేని తప్పు పట్టినా, బస్సు కండక్టరు ముసలామెను పట్టుకొని నువ్వూ గివ్వూ అన్నా ఆయన గొంతు వీధి చివరిదాకా వినిపించేది. తన కోసం ఆయన కోప్పడింది తక్కువ. ఆ సంగతి వచ్చినవాళ్లలో ఒకరిద్దరికే తట్టింది.

ఆయనకు ఒక పట్టింపు ఉండేది. నేత నేర్చుకుంటానని ఎవరొచ్చినా కాదనకూడదు. వచ్చినవాడు మగ్గం పక్కన పళ్లెంలో ఆకూ వక్కా, కొత్త గుడ్డ పెట్టి దండం పెట్టేవాడు. చిన్నస్వామి అందులోంచి ఒక ఆకు తీసి నోట్లో వేసుకుంటే ఒప్పుకున్నట్టే. ఆ క్షణం నుంచి వాడు తన మనిషి. తప్పు నేస్తే తిట్టేవాడు, తిట్టి మళ్లీ పక్కన కూర్చుని వాడి చెయ్యి పట్టుకొని సరిచేసేవాడు. నేర్పే మనిషిని నువ్వే వెతుక్కొని తెచ్చుకో అని ఆయన ఎవరితోనూ అనలేదు. అనవచ్చునని కూడా ఆయనకు తెలియదు, కూతురు వీణ తన ఫోనులో వచ్చిన కబురు చదివి వినిపించేదాకా.

వీణ అనంతపురంలో ఆహారశాస్త్రం డిగ్రీ చదివింది. ఏ రోగికి ఏం పెట్టాలో, ఎంత పెట్టాలో చూసే డైటీషియన్ కావాలని ఆమె ఆశ. దానికి ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. బెంగళూరులో గది తీసుకొని ఉండే స్తోమత లేక, ఇంటినుంచే చేయించే ఒక దూరవిద్యా సంస్థలో చేరింది. చేరాక అసలు సంగతి తెలిసింది. పాఠాలు ఫోనులో వస్తాయి. పని నేర్చుకోవడానికి ఆసుపత్రిని, అక్కడ పక్కనుండి నేర్పి సంతకం పెట్టే డైటీషియన్‌ను మాత్రం చేరినవాళ్లే వెతుక్కోవాలి. అలాంటి మనిషిని వాళ్లు ప్రిసెప్టర్ అంటారు. నెలాఖరులోగా ఆ పేరు పంపకపోతే ఏడాది పోయినట్టే.

"నేర్పేది మేమే అంటారు, నేర్పేవాళ్లను మాత్రం నువ్వే ఎతుక్కోమంటారు. ఇదేం న్యాయమమ్మా? పెండ్లికి రమ్మని పిలిచి, పొయ్యీ బియ్యం వంటోడు నువ్వే తెచ్చుకో అన్నట్టు ఉండాది!" అని చిన్నస్వామి నాడె పక్కన పెట్టేశాడు.

"గట్టిగా అరిస్తే ప్రిసెప్టర్ దొరుకుతారా నాయనా?"

"దొరకరు. అయినా అరుస్తా."

"అరవనీ తల్లీ," అంది లోపలినుంచి జయలక్ష్మమ్మ. "అరవకుంటే మీ నాయనకు అన్నం అరగదు."

మర్నాడు తండ్రీ కూతుళ్లు మోపెడ్ మీద బయలుదేరారు. వీణ ఒకటే షరతు పెట్టింది. ఆసుపత్రి గేటు దాటి ఆయన లోపలికి రాకూడదు. వచ్చినా నోరు తెరవకూడదు.

ధర్మవరంలోనే ఒక ఆసుపత్రిలో తలుపు మీద 'డైటీషియన్' అని బోర్డు కనిపించింది. వీణ గుండె ఎగిరింది. తలుపు తోసి చూస్తే నేలనుంచి పైకప్పుదాకా సెలైన్ డబ్బాలు. కుర్చీ వేసే చోటు కూడా లేదు. నేల తుడుస్తున్న హనుమంతమ్మ నడుం ఎత్తి నవ్వింది.

"ఆ గదికి మనిషి లేదు తల్లీ. తనిఖీకి వచ్చేటోళ్లు బోర్డు చూస్తారని పెట్టినారు."

"మరి రోగులు ఏం తినాలో ఎవరు చెప్తారు?"

"ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్తాడు. ఎంత తగ్గించాల్నో అత్త చెప్తాది."

వీణకు నవ్వొచ్చింది. వెనకనుంచి మాత్రం నవ్వు రాలేదు. గేటు దగ్గర ఉండాల్సిన చిన్నస్వామి అక్కడే నిలబడి ఉన్నాడు. "బోర్డు చూసి రోగం పోతాదా? జనాలంటే అంత అలుసా మీకు?" అని ఆయన అందుకునేసరికి వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. హనుమంతమ్మ చీపురు అడ్డం పెట్టి, "పోనీలే అప్పా, ఆయన అనేదాంట్లో తప్పేముండాది?" అంది. అయినా ఇద్దరూ బయటికి నడవక తప్పలేదు.

పెనుకొండలో గండం గడిచిందనుకున్నారు. అక్కడి చిన్న ఆసుపత్రి డాక్టరు మంచివాడు. "రామ్మా, రా. మాకూ ఒక మనిషి దొరికినట్టయితాది. సంతకమే కదా, నేను పెడతా," అన్నాడు. ఆ పూట చిన్నస్వామి దారిలో మోపెడ్ ఆపి కూతురికి సోడా తాగించాడు. డాక్టరును మెచ్చుకుంటూ, ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీ బస్సు హారన్ కొట్టినా పక్కకు జరగలేదు.

సంస్థనుంచి జవాబు వచ్చింది. డాక్టరు సంతకం చెల్లదట. పట్టా ఉన్న డైటీషియనే కావాలి, అదీ వీణ పని నేర్చుకునే ఆసుపత్రిలోనే ఉండాలి. వీణ ఫోను చేసింది.

"సార్, ఈ చుట్టుపక్కల ఆసుపత్రుల్లో అలాంటివాళ్లు లేరండీ."

"వాళ్లున్న ఊరికి వెళ్లండి మేడం. సైటు చూసుకోవడం అభ్యర్థి బాధ్యత."

చిన్నస్వామి ఫోను లాక్కున్నాడు. "వాళ్లున్న ఊరికి పోయేదానికే అయితే నా బిడ్డ మీ దగ్గర యాల చేరుతుందప్పా? డైటీషియన్ లేని ఊర్లో మనిషే కదప్పా డైటీషియన్ కావాల్సింది! ఉన్న ఊర్లో ఇంకొకరు యాల?"

అవతల ఫోను పెట్టేశారు. ఆయన మూగబోయిన ఫోనుతోనే ఇంకాసేపు మాట్లాడాడు.

పెనుకొండ డాక్టరే ఒక దారి చెప్పాడు. హిందూపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సుశీలమ్మ అనే డైటీషియన్ ఉంది. పట్టా ఉంది, అనుభవం ఉంది. "కోపం కూడా ఉండాది. జాగ్రత్తమ్మా," అన్నాడు. నెలాఖరు దగ్గరపడింది. ఆమె కాదంటే ఇక అడగడానికి ఎవరూ లేరు.

బయలుదేరేముందు జయలక్ష్మమ్మ సంచి సర్దింది. "గురువు దగ్గరికి ఒట్టి చేతులతో పోతారా?" అన్న మాట వీణకు వినిపించింది గానీ, సంచిలో ఏముందో ఆమె చూడలేదు.

హిందూపురం ఆసుపత్రిలో సుశీలమ్మ గదికి తలుపు లేదు, తెర మాత్రమే. అది కూడా పక్కకు లాగి ఉంది. ఎదురుగా బెంచీల నిండా రోగులు. వీణ నమస్కారం పెట్టి, "ఇంటర్న్‌షిప్ గురించి మేడం," అనగానే ఆమె కళ్లజోడు పైనుంచి చూసింది.

"సంతకానికా?"

వీణ నోరు విప్పేలోపే చిన్నస్వామి ముందుకొచ్చి, సంచిలోంచి పళ్లెం తీసి బల్ల మీద పెట్టాడు. ఆకూ వక్కా, కింద మడత విప్పని చిలకపచ్చ పట్టుచీర. ఆ వారమే మగ్గం మీదనుంచి కోసింది.

సుశీలమ్మ ముఖం మారిపోయింది. "ఏమిదంతా? మొన్న ఒకాయన కవర్లో దుడ్లు తెచ్చినాడు. మీరు చీర తెచ్చినారా? నా సంతకం అంగట్లో సరుకా? తీసుకోండి. లేచి పోండి!"

బెంచీలమీద తలలన్నీ ఇటు తిరిగాయి. వీణకు నేల విచ్చుకుంటే బాగుండుననిపించింది. అంతా అయిపోయింది, ఇక నాయన గొంతు ఒక్కటే మిగిలింది అనుకుంది. ఆ గొంతు రానే వచ్చింది.

"లంచమిచ్చేటోడు తలుపు మూసి ఇస్తాడమ్మా! నేను ఇంతమంది ముందర పెట్టినా. మాలో పని నేర్చుకునేదానికి పోతే గురువు ముందర ఇట్లే పెడతాం. నా ముందర పెట్టినోళ్లకంతా నేను నేర్పినా, యావర్నీ పొమ్మనలేదు. నీ సంతకం నాకెందుకు? నా బిడ్డకు పని నేర్పమని అడిగేదానికి వచ్చినా. నేర్పకపోతే నేర్పను అను. లంచమని మాత్రం అనొద్దు."

బెంచీ మీదనుంచి లింగప్ప అనే ముసలాయన దగ్గి, "నిజమే మేడం. లంచానికి ఆకూ వక్కా యావరు పెడతారు?" అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు.

సుశీలమ్మ పళ్లెం దగ్గరికి లాక్కుంది. చీరను వేలితో చిన్నస్వామి వైపు జరిపింది. ఒక తమలపాకు తీసి, తొడిమ గిల్లి, మడిచి నోట్లో వేసుకుంది.

"ఇది చాలు. చీర తీసుకుపోండి. వక్క నేను తినను, మీరూ తినొద్దు." వీణ వైపు తిరిగింది. "పొద్దున రైలుకు రా. మొదట వంటగదిలో నిలబడాల. సంతకం సంగతి ఆఖరుకు. పని రాకపోతే పెట్టను, చెప్తాండా."

మళ్లీ చిన్నస్వామిని చూసింది. "మీకు షుగర్ ఉండాదా?"

"ఉండాది."

"అరిచేటప్పుడే అనుకున్నా. కూచోండి."

తిరుగుదారిలో పెనుకొండ దాటేదాకా ఆయన గొణుగుతూనే ఉన్నాడు. "లంచమంటాదా నన్ను!" వెనక కూర్చున్న వీణ నవ్వుతోందో ఏడుస్తోందో ఆయనకు తెలియలేదు.

ఆ చీరను ఆయన అమ్మలేదు. షావుకారు రెండుసార్లు కబురు పంపినా, "గురువు ముందర పెట్టింది అంగట్లో పెట్టేది కాదు," అన్నాడు. వీణ రోజూ రైల్లో హిందూపురం వెళ్లి వచ్చేది. సుశీలమ్మ పెట్టే తిట్లు తండ్రికి చెబితే ఆయన తృప్తిగా తల ఊపేవాడు. "తిడతాంది అంటే నేర్పుతాంది."

ఆఖరి సంతకం ఆయన చూడలేదు. చలికాలంలో ఒక మధ్యాహ్నం మగ్గం మీదే ఒరిగిపోయాడు. నాడె సగం దారిలో ఆగిపోయింది. ఇంటర్న్‌షిప్ పూర్తయిన రోజు వీణ ఆకూ వక్కా, ఆ చీర తీసుకొని వెళ్లింది. సుశీలమ్మ సంతకం పెట్టి, మళ్లీ చీరను వెనక్కి జరిపింది, మళ్లీ ఒక ఆకే తీసుకుంది. ఈసారి నమలడానికి చాలాసేపు పట్టింది.

తర్వాత సంస్థవాళ్లు వీణ ఫోటో తమ ప్రకటనలో వేసుకున్నారు. మారుమూల ప్రాంతానికి తమ కానుక అని కింద రాశారు. ఒక్క గది చూపించనివాళ్లు, ఒక్క మనిషిని చూపించనివాళ్లు!

ఆ ప్రకటన చూసే కాబోలు, అగళి అనే ఊరినుంచి పుష్ప అనే అమ్మాయి ఫోను చేసింది.

"అక్కా, నేనూ ఆడనే చేరినా. ప్రిసెప్టర్‌ని నువ్వే ఎతుక్కో అంటాండారు. యాడ ఎతకాల?"

"ఇంకా అదే మాటంటాండారా వాళ్లు?" వీణ గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. "నేర్పేది మేమే అని ప్రకటన వేసుకుంటారు, నేర్పేవాళ్లను మాత్రం..."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. "ఏమే వీణా," అంది జయలక్ష్మమ్మ, "మీ నాయన వచ్చినాడా?"

వీణ ఖాళీ మగ్గం గుంత వైపు చూసి, గొంతు తగ్గించింది.

"పుష్పా, రేపు పొద్దున హిందూపురానికి రా. నేను పిలుచుకొని పోతా. ఆకూ వక్కా తెచ్చుకో. చీర మాత్రం తేవద్దు."