అమ్మ రాసిన పసుపు

మా ఎదురు ఫ్లాట్‌లోకి పెళ్ళి కాని జంట ఒకటి అద్దెకు దిగిందని అపార్ట్‌మెంటంతా ఒకటే గుసగుసలు. వకీలు చదువు చదివిన మా మనవరాలు మాత్రం "అమ్మమ్మా, కానూన్ ఉన్‌కో భీ మాన్‌తా హై", చట్టం వాళ్ళనీ ఒప్పుకుంటుందని నవ్వేసి, కాకపోతే పెళ్ళయినవాళ్ళకి కాగితం ఒక్కటి చాలుననీ, వీళ్ళు మాత్రం ఆలుమగల్లాగే బతికామని రుజువులు చూపించుకోవాలనీ చెప్పింది. రుజువులనగానే నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

ఈ హిందీ ఊళ్ళో, కార్ఖానా పనికి వచ్చిన తెలుగువాళ్ళుండే సీతారాండేరా పేటలో, మా పక్కింటావిణ్ణి అత్తా అని పిలిచేదాన్ని. ఆవిడా, కార్ఖానాలో ఫిట్టరుగా చేసే మావయ్యా చెరో కులం వాళ్ళనీ, శ్రీకాకుళం వైపు నుంచి ఇంట్లో చెప్పకుండా వచ్చేశారనీ పెద్దవాళ్ళకి తెలుసు. కానీ మన ఈడు వాళ్ళకి నేను చెప్పాలా, ఆ రోజుల్లో ఇంత దూరంలో తెలుగు మాట వినబడితే చాలు, మిగతావేవీ ఎవరూ అడిగేవారు కాదు. మావయ్య గుండె ఆగి పోయాక ఊరి నుంచి ఆయన తమ్ముడు దిగి, పెళ్ళే కానిదానికి మా అన్న ఇల్లేమిటని దావా వేశాడు. అత్త దగ్గర ఫొటో లేదు, శుభలేఖ లేదు. ఆ రెండు గదులూ పోతే ఆవిడ తలదాచుకోవడానికి చోటే లేదు.

పెళ్ళి కళ్ళారా చూశానని ఒక్క ముక్క చెప్పెయ్యమని వీధి వీధంతా అమ్మని బతిమాలింది. అబద్ధం చెప్పనంటే చెప్పనంది మా మహాతల్లి. కాసిడీహ్ బడిలో అప్పుడే టీచరుగా చేరిన నేను, ఆవిడ మాటలు జడ్జిగారికి హిందీలో చెప్పడానికి పక్కన నిలబడ్డాను. అమ్మ తడుముకోకుండా చెప్పింది.

"పెళ్ళి నాను సూళ్ళేదు బాబూ. పదిహేడేళ్ళు సావన సుక్కరోరం పేరంటానికి పిల్సి, నా సేత్తో ఆవిడ కాళ్ళకి పసుపు రాసినాను. ఈదిలో ఆడోళ్ళందరూ రాసినారు. పెళ్ళాం కాకపోతే మరి ఆవిడేటి?"

అన్నేళ్ళు పదిమందిలో ఆలుమగలుగా మెలిగినవాళ్ళని చట్టం భార్యాభర్తలుగానే తలుస్తుందనీ, కాదని నిరూపించాల్సింది తమ్ముడేననీ అన్నారు జడ్జిగారు. అతను నిరూపించలేకపోయాడు. ఇల్లు అత్తకే దక్కింది. అబ్బ, ఆ రోజు సాక్చిలో కోర్టు ముందు దర్జాగా రిక్షా ఎక్కి కూర్చున్న అమ్మని చూసి పొంగిపోయినంతగా నేను నా పెళ్ళిలో కూడా పొంగిపోలేదు! బడి గడప తొక్కని మనిషి, ఒక్క అబద్ధం ఆడకుండా గెలిపించుకొచ్చింది.

అద్దె కాగితం, బ్యాంకు పుస్తకం లాంటివన్నీ ఎదురింటి పిల్ల దగ్గర ఉండే ఉంటాయి. మా అత్తకి అవేవీ లేకపోయినా వీధి ఉండేది. రేపు ఆ పిల్లకి కష్టమొస్తే, ఎదురింటి మనిషినని సాక్ష్యానికి నన్నే పిలుస్తారు కదా. ఆ అమ్మ కూతుర్నని ఇంత గర్వంగా చెప్పుకుంటున్నానా, నాలుగు నెలలైనా నాకింకా ఆ పిల్ల పేరే తెలీదు.