ఎడమ పక్క లెక్క

లోకమంతా కంప్యూటర్ల వెంట పడుతున్న రోజుల్లో నేను పిడుదుల వెంట పడ్డాను. మా తమ్ముడు అమీర్‌పేటలో ఆరు నెలలు ఏదో కోర్సు చేసి, మాదాపూర్‌లో ఒక అద్దాల బిల్డింగులో ఉద్యోగం సంపాదించాడు. మెడలో ఫొటో ఉన్న కార్డు, ఇంటి సందు దాకా వచ్చే కంపెనీ బండి, పుట్టినరోజు నాడు ఆఫీసులో కేకు. వాడికంటే ఐదేళ్లు పెద్దవాణ్ణి, పశువైద్యంలో పట్టా ఉన్నవాణ్ణి, నేనేమో పశువుల నెత్తురు తాగే పిడుదుల మీద పరిశోధన చేస్తూ మెహిదీపట్నంలో చేవెళ్ల బస్సు కోసం నిలబడేవాణ్ణి. నా మెడలో కార్డు ఉండేది కాదు. అప్పుడప్పుడు ఒక పిడుదు ఉండేది.

ఇంటికి ఎవరొచ్చినా అమ్మ "చిన్నోడు సాఫ్ట్‌వేర్" అని గట్టిగా చెప్పి, "పెద్దోడు సైంటిస్టు" అని కొంచెం మెల్లగా చెప్పేది. దేంట్లో అని అడిగితే "చాయ్ పెడ్త" అని లేచి వంటింట్లోకి పోయేది. ఒకసారి సంబంధం మాట్లాడటానికి వచ్చిన పెద్దమనిషి వదలకుండా నన్నే అడిగాడు. ఆడ పిడుదు ఒళ్లు ఉబ్బేదాకా నెత్తురు తాగి ఎలా రాలిపడుతుందో, గోడ సందులో దూరి వేలకొద్దీ గుడ్లు ఎలా పెడుతుందో, చేతిలో మిర్చి బజ్జీ పట్టుకుని కూర్చున్న ఆయనకు చక్కగా వివరించాను. ఆయన బజ్జీని పళ్లెంలో పెట్టేశాడు. మళ్లీ మా గడప తొక్కలేదు. విజ్ఞానం మీద గౌరవం లేని మనిషి అని చాలా ఏళ్లు ఆయన్నే తిట్టుకున్నాను.

నా పని చెప్పుకోవడానికి పెద్దదే కానీ చెయ్యడానికి చిన్నది. మొయినాబాద్, చేవెళ్ల పల్లెల్లో పది ఆవుల్ని ఎంచుకుని, పన్నెండు వారాల పాటు వారానికోసారి వెళ్లి, ఒక్కో ఆవు ఒంటి మీద ఎన్ని పిడుదులున్నాయో లెక్కపెట్టాలి. ఎండలు ముదిరేకొద్దీ ఎంత పెరుగుతాయో చూడాలి. ఆవు ఒళ్లంతా లెక్కపెట్టక్కర్లేదు. ఒక పక్క లెక్కపెట్టి రెండింతలు చేస్తే చాలు. మా గైడు అలాగే నేర్పారు, పుస్తకాలు కూడా అదే చెప్పాయి. నేను ఎడమ పక్క ఎంచుకున్నాను. ఇక షరతు ఒక్కటే. ఆ పన్నెండు వారాలూ ఆ ఆవులకు మందు కొట్టకూడదు, పిడుదుల్ని చేత్తో ఏరకూడదు. ఏరితే నా లెక్క చెడిపోతుంది.

చిన్న మంగళారంలో నా వరుసలో ఏడో ఆవు ఒక అవ్వది. ఉన్న ఎకరం కొడుకులు అమ్మేస్తే అందులో ఎవరో సాఫ్ట్‌వేర్ ఆయన ఫామ్‌హౌసు కట్టుకుని పచ్చిక పెంచాడు. ఆ తోట కాపలాదారు గడ్డి కోయించిన రోజున అవ్వ వెళ్లి, ఒకప్పటి తన చేలోని గడ్డినే మోపు కట్టుకుని తెచ్చి ఆవుకు వేసేది. ఆమెకంటూ మిగిలింది ఆ ఎర్ర జెర్సీ ఆవే. దాని పాలు కేంద్రంలో పోస్తేనే ఆమె పొయ్యి వెలిగేది. రోజూ పాలు పిండే ముందు కొబ్బరిచిప్పలో కొంచెం కిరసనాయిలు పోసుకుని ఆవు పక్కన కూర్చునేది. బొటనవేలి గోటితో ఒక్కో పిడుదునూ పీకి ఆ చిప్పలో వేసేది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆమె అదే పనిలో ఉంది.

"ఏం సారూ, గోమార్లు కావాల్నంట గదా నీకు? ఏరి డబ్బల వోసిస్త తీస్కపో. దీనికింత దూరం వచ్చుడెందుకు?"

పిడుదుల్ని ఆ పక్క గోమార్లంటారు. నేను నా షరతు చెప్పాను.

"పన్నెండు వారాలు నువ్వు ఏరొద్దవ్వా. నేనొచ్చి లెక్కపెడ్త."

"లెక్కపెట్టి?"

"రాసుకుంట."

"రాసుకొని?"

అప్పుడు నేను ఆమెకు ఒక ఉపన్యాసం ఇచ్చాను. అందులో దేశం, పాడి, రైతు సంక్షేమం అన్నీ ఉన్నాయి. ఆమె చేతిలోని పిడుదు చిప్పలో పడకుండా వేళ్ల మధ్యే కాళ్లాడిస్తూ నా ఉపన్యాసమంతా విన్నది.

"ఏరకుంటే గోసపడ్తది గదా బిడ్డా, నోరులేని జీవం."

"ఏం గాదవ్వా. నేను డాక్టర్ని. నేనున్న గదా!"

ఇలా అంటూ గుండె మీద చెయ్యి కూడా వేసుకున్నాను. ఆ చెయ్యి గుర్తొస్తే నా మీద నాకే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అవ్వ కాసేపు ఆవు వీపు నిమిరింది. "రెండు దిక్కుల లెక్కపెడ్తవా?" అని అడిగింది.

"లేదవ్వా, ఎడమ దిక్కే. దాన్ని రెండింతలు చేస్త."

"సరే తియ్, మాటిచ్చిన."

బడి మొహం చూడని మనిషి నా పద్ధతి గురించి అంత సూటిగా అడిగిందని ఎంత సంబరపడ్డానో! మా గైడుకు కూడా చెప్పాను. నేను వివరించిన తీరు అలాంటిది మరి.

ఆదివారం ఆమెకు చర్చి కాబట్టి సోమవారం పెట్టుకున్నాం. ప్రతి సోమవారం పట్టకారు, సీసాలు, లెక్కల పుస్తకం సంచిలో వేసుకుని దిగేవాణ్ణి. అవ్వ ఆవును ఎప్పుడూ కుడి పక్క గోడకు ఆనించి, ఎడమ పక్క నా వైపుండేలా కట్టి ఉంచేది. నా సౌకర్యం కోసమే అనుకుని మురిసిపోయేవాణ్ణి. చెవి లోపల, గంగడోలు మీద, పొదుగు పక్కన, తోక కింద లెక్కపెట్టి, రెండింతలు చేసి రాసుకుని, ఆమె ఇచ్చిన చాయ్ తాగి బయల్దేరేవాణ్ణి. తిరుగు బస్సులో గోకుడు మొదలయ్యేది. పక్క సీటాయన ముందు నా చేతిని, తర్వాత నా సంచిలోని సీసాల్ని చూసి, ఖాళీ లేకపోయినా లేచి నిలబడేవాడు. నేను కాళ్లు చాపుకుని కూర్చునేవాణ్ణి.

లెక్కలు మాత్రం అద్భుతంగా వచ్చాయి. వారం వారం గీత నిచ్చెనలా పైకి పోతోంది. అన్నింటికంటే అందమైన గీత అవ్వ ఆవుదే. దాన్ని రంగు పెన్సిలుతో దిద్ది నా మంచం పక్కన గోడకు అంటించుకున్నాను. అది పైకి పోతున్నదంటే ఆ ఆవు నెత్తురు కిందికి పోతున్నదని, డాక్టరునైన నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

ఎనిమిది వారాలు గడిచాక ఒక శనివారం పొద్దున మా ఇంటికి ఫోనొచ్చింది. కాయిన్ బాక్సు నుంచి అవ్వ.

"సారూ, నిన్నటి సంది ఆవు మేత ముడ్తలేదు. పండుకున్నది, లేస్తలేదు. నువ్వున్న అన్నవ్ గదా, జర రా."

తమ్ముడికి సెలవు. వాడి కొత్త బండి మీద ఇద్దరం పోయాం. ఆవు ఎడమ పక్కకు ఒరిగి పడి ఉంది. ఒళ్లు కాలిపోతోంది, జబ్బ ముందు గడ్డ కోడిగుడ్డంత వాచింది. పిడుదు జ్వరం. చూడగానే తెలిసిపోయింది. తెలిసినందుకు ఒక క్షణం గర్వపడ్డానని కూడా ఒప్పుకోవాలి.

ఆ తర్వాత ఆవు కుడి పక్క చూశాను. ఎనిమిది వారాల్లో మొదటిసారి. చెవి దగ్గర నుంచి తోక దాకా కడిగిన పళ్లెంలా ఉంది. ఒక్క పిడుదు లేదు.

అప్పుడు నేను చెయ్యాల్సింది వెంటనే మందు కోసం పరుగెత్తడం. నేను చేసింది వేరు. జేబులోంచి లెక్కల పుస్తకం తీశాను. పిడుదులు ఆవుకు ఒక పక్కే పడతాయని లోకంలో ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు! బహుశా ఎండ వల్ల, లేదా అది నెమరేసే తీరు వల్ల. వ్యాసానికి పేరు కూడా తోచింది. విదేశాల్లో సభ, నా మెడలో ఫొటో ఉన్న కార్డు కూడా కనిపించాయి. ఎదురుగా ఆవు డొక్కలెగరేస్తోంటే నేను పెన్ను మూత తీసి అడిగాను.

"అవ్వా, ఈ దిక్కు ఒక్కటి గూడ లేదేంది?"

అవ్వ ఆవు తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది. తలెత్తకుండా చెప్పింది.

"అటు దిక్కు నీకు మాటిచ్చిన. దేవుని తోడు, చెయ్యి వెట్టలే. ఇటు దిక్కు ఇయ్యలే గద బిడ్డా. దినాం ఏరిన." ఆవు చెవి నిమిరి మళ్లీ అన్నది. "నీ దిక్కు చూస్తే పానం గుంజేది. మొకం తిప్పుకొని పాలు పిండిన."

పెన్ను మూత పెట్టడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. అంత సిగ్గు నా జీవితంలో మళ్లీ పడలేదు.

ఆ జ్వరానికి ఇచ్చే ఇంజెక్షను పట్నంలో ఒకటి రెండు దుకాణాల్లోనే దొరికేది. తమ్ముడు బండి ఎలా నడిపాడో వాడికే తెలియాలి, మూడింటికల్లా తిరిగొచ్చాం. మందు ఇచ్చాక ముగ్గురం కలిసి ఆవును మెల్లగా రెండో పక్కకు తిప్పాం. ఎడమ పక్క పైకొచ్చింది. బఠాణీల్లా ఉబ్బిన పిడుదులు, సందు లేకుండా. తమ్ముడు చాలాసేపు చూశాడు.

"అన్నా, ఇవన్ని నువ్వు పెంచినవేనా?"

వాడు వెటకారంగా అనలేదు. అని ఉంటే బాగుండేది. జ్వరంలో ఉన్నదాన్ని ఇంకా పీకి బాధపెట్టడం ఎందుకని ఆ రోజు వాటిని ముట్టలేదు. వాడు వెళ్లిపోయాడు, నేను అక్కడే ఉండిపోయాను.

ఆదివారం అవ్వ తెల్లచీర కట్టుకుని చర్చికి పోయింది. నేను ఆవు దగ్గర థర్మామీటరు పట్టుకుని కూర్చున్నాను. చర్చి మైకు ఊరంతా వినపడుతుంది. ప్రార్థన అవసరతలు ఉన్నవాళ్లు లేవమని పాస్టరు గారు అంటే అవ్వ గొంతు వినిపించింది. "ప్రభువా, నా ఆవును లేపయ్యా. అది లేకుంటే నాకేం లేదు." సంఘమంతా ఆమెన్ అన్నది. అయిపోయిందనుకున్నాను. "గోమార్ల సారు గూడ బగ్గ బుగులు వడ్డడు. బువ్వ తింటలేడు. ఆయన పానం గూడ జర నిమ్మలం జెయ్యి తండ్రీ." దానికి కూడా ఊరంతా ఆమెన్ అన్నది. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. ఆవు తప్ప చూసినవాళ్లు లేరు.

మా గైడు మంచి మనిషి. ఆ జ్వరం ఒక్క పిడుదు వల్ల కూడా వస్తుందని, అవ్వ ఏరేసేలోపు కుడి పక్క పిడుదే అంటించి ఉండొచ్చని తర్వాత నాకు ధైర్యం చెప్పారు. శాస్త్రం ప్రకారం అది నిజమే. ఆ నిజం చాటున దాక్కోవాలని చాలాసార్లు చూశాను, పట్టలేదు. మిగిలిన తొమ్మిది ఆవుల కుడి పక్కలు కూడా వెళ్లి చూశాను. ఇంకో మూడింటికి కూడా నున్నగానే ఉన్నాయి. వాటి రైతులు నా ముఖం మీద కాదనలేక ఎడమ పక్క నాకు వదిలేశారు, ఆవుల మీద ప్రేమ చావక కుడి పక్క ఏరుకున్నారు. అందరికీ దండం పెట్టి, రెండు పక్కలా ఏరుకోండని చెప్పి వచ్చాను. పరిశోధన మళ్లీ మొదటికొచ్చింది. గోడ మీది గీతను నేనే చింపేశాను.

ఇవన్నీ తర్వాతి సంగతులు. నాకు బాగా గుర్తున్నది ఆ సోమవారం పొద్దున. నా లెక్కల రోజు. జ్వరం దిగింది. ఆవు ముందు మోకాళ్ల మీద ఊగి, ఒకసారి కూలబడి, మళ్లీ ఊగి లేచి నిలబడింది. అవ్వ దాని మెడ చుట్టూ చేతులు వేసి, "లేచినవా నా తల్లీ" అంటూ మొహం ఆనించుకుంది. పాలు సగానికి పడిపోయాయి, ఆ ఏడు మళ్లీ పెరగలేదు. కానీ ఆవు దక్కింది.

అవ్వ కొబ్బరిచిప్పలో కిరసనాయిలు పోసి తెచ్చింది. దాన్ని ఎడమ పక్కన నా ముందు పెట్టింది.

"రా బిడ్డా, నీ దిక్కు నువ్వే ఏరు."

నేను పట్టకారు తీశాను. ఆమె దాన్ని నా చేతిలోంచి తీసుకుని చూరులో చెక్కింది. గోటితో ఎలా తిప్పి పీకాలో ఒకసారి చూపించింది. నేను మొదలుపెట్టాను. చెవి లోపల, గంగడోలు మీద, పొదుగు పక్కన, అలవాటైన వరుసలోనే. జేబులో పుస్తకం ఉంది. నేను దాని జోలికి పోలేదు.

కాసేపటికి అవ్వ నా మొహంలోకి వంగి చూసింది.

"పెదవులు కదుల్తున్నయ్. లెక్కవెట్టకు బిడ్డా, పీకు."

అప్పటికి ముప్పై నాలుగు.