మౌన భోజనం

మా తమ్ముడి కూతురు చదువుతున్న ఆడపిల్లల బోర్డింగ్ స్కూల్లోనే ఒకప్పుడు నేనూ చదివాను. ఆ సంగతి నేనెవరికీ గొప్పగా చెప్పుకోను. మా తమ్ముడు మాత్రం చెప్పుకుంటాడు. సరిహద్దు అవతల జొహోర్‌లో తన ఇంటికి ఎవరొచ్చినా, "మా అక్కా అక్కడే, నా కూతురూ అక్కడే" అంటాడు, మా ఇంట్లో రెండు తరాలు మంత్రులుగా చేసినట్టు. వాడు చదివింది మేం పెరిగిన ఎస్టేటు పక్కనున్న మామూలు బడిలో. సుఖంగా చదువుకున్నాడు గనక వాడికి బోర్డింగ్ స్కూళ్లంటే ఇంకా గౌరవం మిగిలి ఉంది.

పోయిన ఏడాది స్కూల్లో ఫౌండర్స్ డేకి ముందు వాడు ఫోన్ చేశాడు.

"అక్కా, పాపని దీపం పట్టుకునే పిల్లగా సెలెక్ట్ చేశారంట. స్కూల్ మొత్తంలో ఒక్కళ్లకే ఇస్తారంట. మా ఇద్దరికీ ఆ రోజు డ్యూటీ, కాజ్‌వే వంతెన దాటి రాలేం. నువ్వెళ్లవూ?"

"దీపం పట్టుకుని ఏం చెయ్యాలి?"

"అందరూ తినేదాకా గోడ పక్కన నిలబడాలంట. మౌన భోజనం అంటారంట దాన్ని. చాలా పాత సంప్రదాయం అంటున్నారు. నీ టైంలో లేదా?"

గోడ పక్కన నిలబడటం అనగానే నాకు అనుమానం వచ్చింది. ఆ స్కూలు వదిలాక నేను మళ్లీ లోపలికి తొంగిచూడలేదు. మేనకోడల్ని చేర్చిన రోజున కూడా గేటు దగ్గరే ఆగిపోయాను. ఈసారి వెళ్లి చూడాలనిపించింది. వెళ్తానన్నాను.

ఆ శుక్రవారం సాయంత్రం చోవా చూ కాంగ్‌లోని మా ఫ్లాటు నుంచి ట్రైనూ బస్సూ మారి ఆ గుట్ట ఎక్కేసరికి చీర చెమటతో ఒంటికి అంటుకుపోయింది. అతిథుల్ని ముందు హెరిటేజ్ గదిలోకి తీసుకెళ్లారు. మా రోజుల్లో అది తడిసిన గొడుగులు ఆరేసుకునే గది. ఇప్పుడు చల్లటి ఏసీ, మెత్తటి లైట్లు, గోడ నిండా స్థాపకురాలి చరిత్ర.

మేం చదివేటప్పుడు ఆవిడ చరిత్ర చాలా చిన్నది. ఓడ దిగింది, ఇల్లు అద్దెకు తీసుకుంది, ఫీజు కట్టగల తోటల యజమానుల కూతుళ్లకి కుట్లూ అల్లికలూ నేర్పింది, జబ్బు చేసి వెళ్లిపోయింది. ఇప్పుడు గోడమీద ఆవిడ అనాథల్ని చేరదీసింది, వరదలో ఈదింది, తన గిన్నెలో గంజి పిల్లలకు పంచి తాను పస్తు ఉంది. చనిపోయాక ఇంతగా ఎదిగిన మనిషిని నేనెక్కడా చూడలేదు.

గది మధ్యలో ఒక గాజుపెట్టె. అందులో తాడు కట్టిన చెక్కపలక. చూడగానే నా మెడ దురద పెట్టింది. స్కూల్లో ఇంగ్లీషు తప్ప ఇంకే భాష మాట్లాడినా ఆ పలక మెడలో వేసేవాళ్లు. ఇంకొకరు మాట్లాడుతూ దొరికేదాకా అది మన మెడలోనే. ఒకసారి మెట్టుకి కాలివేలు తగిలి "అమ్మా" అన్నందుకు నేను రెండు రోజులు దాన్ని మోశాను. గాజుపెట్టె కింద రాసింది చదివాను. 'భాషా పతకం: ఇంగ్లీషుపై మక్కువ పెంచేందుకు బాలికలు సరదాగా ఆడుకున్న ఆట.'

"ఆంటీ, మీరూ ఆడారా?" అని పక్కనే ఉన్న గైడు పిల్ల అడిగింది.

"ఆడాను. చాలాసార్లు గెలిచాను" అన్నాను. ఆ పిల్ల సంతోషించింది.

తర్వాత భోజనాల హాలు. ఆడపిల్లలందరూ తెల్ల గౌన్లలో వరసగా కూర్చున్నారు. మా మేనకోడలు గోడ పక్కన, ఇత్తడి దీపం రెండు చేతులతో పట్టుకుని నిటారుగా నిలబడింది. ప్రిన్సిపల్ లేచి మైకులో చెప్పింది. మాట తీరు చూస్తే ఏ పెద్ద హోటల్లోనో అతిథుల్ని పలకరించే మనిషిలా ఉంది. స్థాపకురాలు కరువులో పిల్లలతో గంజి పంచుకుందనీ, ఆమె మొదటి విద్యార్థిని అందరూ తినేదాకా తను తినకుండా తలుపు దగ్గర కాపలా ఉందనీ, ఆ త్యాగాన్ని తలుచుకుంటూ ప్రతి ఏటా ఇలా మౌనంగా గంజి తాగుతామనీ అంది. హాలంతా నిశ్శబ్దమైపోయింది. గిన్నెలొచ్చాయి. చెంచాడు నోట్లో పెట్టుకున్నాను. మాడు వాసన. అదీ కేటరింగ్ వాళ్లు కావాలని, కొలత ప్రకారం పట్టించిన మాడు వాసన.

అది నిజంగా మాడిన రోజున నేనా హాల్లోనే ఉన్నాను.

అప్పుడు మాకు ఒక వార్డెన్ ఉండేది. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషే గానీ మాటలు మాత్రం లండన్ నుంచి తెప్పించుకునేది. ఫౌండర్స్ డేకి స్కూలు కమిటీ పెద్దలు భోజనానికి వస్తారు. వాళ్ల కోసం మా వంటాయన, హైనాన్ దీవి నుంచి వచ్చి స్థిరపడిన ముసలాయన, పొద్దుటి నుంచి కోడికూర వండాడు. మేం కొందరం ఆ పూట బల్లలు సర్దే వంతులో ఉన్నాం. వంటింటి తలుపు బార్లా తెరిచి ఉంది. వార్డెన్ వచ్చి చెంచాతో కూర రుచి చూసి, ఇది కుక్కలకు పెట్టేలా ఉందని అందరి ముందూ అంది. ముసలాయన వెళ్లి పొయ్యి ఆర్పాడు. డేక్సా ఎత్తి కూరంతా కాలవలో పోశాడు. ఏప్రన్ విప్పి మేకుకి తగిలించి, సాయం చేసే ఇద్దర్నీ వెంటబెట్టుకుని గేటు దాటి వెళ్లిపోయాడు.

అతిథులు రావడానికి ఎంతో సమయం లేదు. వంటింట్లో మిగిలింది బియ్యం ఒక్కటే. జన్మలో ఎసరు పెట్టి ఎరగని వార్డెన్ తనే పెట్టింది. నీళ్లు ఎక్కువ పోసింది, మంట ఇంకా ఎక్కువ పెట్టింది. పైన గంజి, అడుగున మాడు. ఒక టీచరు నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపింది. హాల్లోకి వెళ్లి, "ఈ సాయంత్రం మన స్థాపకురాలి నిరాడంబర జీవితాన్ని తలుచుకుంటూ గంజి మాత్రమే తీసుకుందాం. ఎవరూ మాట్లాడకూడదు" అని ప్రకటించింది. మాట్లాడితే కూరేదని ఎవరైనా అడుగుతారు కదా. మౌనం పుట్టింది అందుకు.

కమిటీ పెద్దలు కళ్లు మూసుకుని మరీ తాగారు. ఒకాయన రుమాలు తీసి కళ్లొత్తుకున్నాడు. నా పక్కన ఈపో ఊరి నుంచి వచ్చిన తమిళమ్మాయి కూర్చుంది. మా మంచాలు పక్కపక్కనే, మా దెబ్బలూ తిట్లూ ఉమ్మడివే. తను ఒక చెంచా నోట్లో పెట్టుకుని, ఆ రుమాలాయన్ని చూసి, ఆపుకోలేక ఫక్కున నవ్వింది. వార్డెన్ వేలితో గోడ చూపించింది. గిన్నె తీసేశారు. అందరూ తినడం అయ్యేదాకా తను గోడ పక్కన నిలబడింది.

రుమాలాయన అడిగాడు, "ఆ అమ్మాయి ఎందుకు నిలబడింది?"

వార్డెన్ రెప్పయినా వెయ్యకుండా చెప్పింది. "ఆమె మన మొదటి విద్యార్థినికి గుర్తుగా నిలబడిందండీ. అందరూ తిన్నాకే తను తింటుంది."

ఆ సాయంత్రం తను తినలేదు. పెట్టేవాళ్లు లేరు, అసలు వంటింట్లో ఏమీ లేదు. మర్నాడు కొత్త వంటమనిషి వచ్చాడు. మరుసటి ఏడాది కమిటీ వాళ్లే ఆ గంజి భోజనం మళ్లీ పెట్టమని కబురు చేశారని విన్నాను. అప్పటికి నేను స్కూలు వదిలేశాను. చేతిలో దీపం పెట్టింది ఎవరో నాకు తెలియదు. ఎవరో కళాపోషకులు అయ్యుంటారు.

భోజనం అయ్యాక టీ ఇచ్చారు. నేను నేరుగా ప్రిన్సిపల్ దగ్గరికి వెళ్లి, ఇదంతా ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ తల ఒక పక్కకు వంచి, చిరునవ్వు చెదరకుండా మొత్తం వింది.

"ఎంత అపురూపమైన జ్ఞాపకం. మా వీడియో కోసం మీరిది చెప్పాలి. కెమెరా అమ్మాయిని మీ ఇంటికి పంపిస్తాను" అంది.

తిడితే దండ వేసేవాళ్లతో ఏం పోట్లాడతాం.

వారాంతం గనక మేనకోడల్ని మా ఇంటికి తీసుకొచ్చాను. దారిలో స్టేషన్ దగ్గర హాకర్ సెంటర్లో తినడానికి ఆగాం. అది ఆకలి మీదుంది. మీ గోరెంగ్ అనే వేపుడు నూడుల్స్ సగం ప్లేటు ఖాళీ చేశాక గానీ తలెత్తలేదు.

"అత్తా, ప్రిన్సిపల్‌తో ఏం చెప్పావ్?"

చెప్పాను.

"వై లా, అత్తా. ఫోటోలైనా తియ్యనివ్వాల్సింది" అంది, ఇక్కడి పిల్లల్లాగే మాట చివర 'లా' తగిలించి.

"నీకు తెలుసా అది అబద్ధమని?"

"డార్మ్‌లో అందరూ బోగస్ అనే అంటారు. కానీ దీపం పట్టుకుంటే టెస్టిమోనియల్‌లో రాస్తారు కదా, యూనివర్సిటీకి యూజ్ అవుతుంది. నా ఫ్రెండ్స్ ఎంత ఫైట్ చేశారో తెలుసా దానికోసం?"

"కాళ్లు నొప్పెట్టలేదా?"

"పెయిన్ లా. చెప్పకు డాడీకి."

మా స్నేహితురాలు శిక్షగా నిలబడింది. ఇది పోటీపడి గెలిచి నిలబడింది. ఏది ఎక్కువ అవమానమో నాకు తేలలేదు. దాని ప్లేటులోకి నా నూడుల్స్ కూడా వేశాను. అవీ తినేసింది.

ఆ తర్వాత ప్రిన్సిపల్ పంపిన అమ్మాయి నిజంగానే కెమెరా తీసుకుని మా ఫ్లాటుకి వచ్చింది. మర్యాదస్తురాలు. గంటసేపు చెప్పించుకుంది. వంటాయన, కాలవ, మాడు, ఈపో అమ్మాయి, ఏదీ వదలకుండా చెప్పాను. కొన్ని వారాలకు వీడియో స్కూలు వెబ్‌సైట్లో పెట్టారు. అందులో నేను కిటికీ పక్కన కూర్చుని, సన్నటి పియానో సంగీతం మధ్య రెండు ముక్కలు మాట్లాడతాను. "ఆ గంజి రుచి నేను మర్చిపోలేదు." "నా పక్కనున్న అమ్మాయి లేచి నిలబడింది." అంతే. మిగతాది చెట్లూ, మెట్లూ, నవ్వే పిల్లలూ. తమ్ముడు ఆ వీడియోని చుట్టాలందరికీ పంపాడు. అక్క ఎంత బాగా మాట్లాడిందో అని అందరూ మెచ్చుకున్నారు.

నేను దాన్ని ఈపో స్నేహితురాలికి పంపాను. తను ఇప్పుడు అక్కడే పళ్ల డాక్టరు. నవ్వుతుందనుకున్నాను. ఎప్పుడూ నవ్వే మనిషి. ఫోన్ చేసింది గానీ నవ్వలేదు. మేం మాట్లాడుకునేది సగం తమిళం, సగం ఇంగ్లీషు.

"దీపం కూడా పెట్టారా?" అంది.

"పెట్టారు."

"నాకు గుర్తున్నదొక్కటే. ఆకలి. నా గిన్నె ఎత్తుకుపోయిన టీచరు నా మొహం చూడలేదు. మర్నాడు ఇంటికి ఫోన్ చేసి మా అప్పాతో చెప్తే, పెద్ద స్కూలు కదా, సర్దుకో అన్నాడు."

ఆ మాట తను నాకు అప్పట్లో చెప్పలేదు. పక్క మంచం మీదే పడుకునేది, చెప్పలేదు.

వారం తిరక్కుండానే తను స్కూలుకి మెయిల్ రాసి నాకూ పంపింది. నాలుగు వాక్యాలు. మొదట నిలబడింది నేనే, అది గౌరవం కాదు, శిక్ష, ఆ పూట నాకు అన్నం పెట్టలేదు, ఇకమీదట ఏ పిల్లనీ నిలబెట్టకండి. కింద తన పేరూ, చదువూ, ఆస్పత్రి పేరూ.

నాలుగు రోజులకు వెబ్‌సైట్లో ఆ వీడియో కనబడలేదు. ఎందుకు తీసేశారో ఎవరూ చెప్పలేదు. ఈ ఏడాది ఫౌండర్స్ డేకి మరో తరగతి పిల్ల దీపం పట్టుకుని నిలబడిందని మా మేనకోడలు చెప్పింది. ఈసారి ఆ పిల్ల పక్కన ఒక కుర్చీ వేశారట, కానీ కూర్చోకూడదట. కుర్చీ ఎందుకని అడిగితే, అది స్థాపకురాలి కోసం అన్నారట.

మా స్నేహితురాలికి ఇప్పటిదాకా జవాబు రాలేదు.