అక్క ముందు పరిచిన నాలుగు అట్టలు

మీ ఇంట్లో ఎవరికి మతి తగ్గిందని తీర్పు చెప్పారు? ఆ అర్హత మీకెవరిచ్చారు?

నేను మా అక్కకు మతి తగ్గిందని చెప్పాను. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల సందులో ఆమెది కర్రీ పాయింట్. పక్షవాతం కొంత నయమై దవాఖాన నుంచి ఇంటికొచ్చాక మేనల్లుడు నన్ను పిలిపించాడు. "మామా, అమ్మ మళ్ల దుకాణం నడుపుతదా? లేకుంటే వేరేటోళ్లకు ఇచ్చేస్త."

సభల్లో తర్కం చెప్పేవాణ్ణి కనుక నా సంచిలో నాలుగు అట్టముక్కలు ఎప్పుడూ ఉండేవి. ఒక్కోదానికి ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె. అక్క ముందు పరిచాను: అ, క, 4, 7. "ఒకవైపు 'అ' ఉంటే వెనక 4 ఉండాలి. ఇది నిజమో కాదో తేల్చాలంటే ఏవి తిప్పాలి?"

అక్క 'అ', 4 చూపింది. తిప్పాల్సింది 'అ', 7. నాలుగు వెనక ఏమున్నా నియమం చెడదు. ఏడు వెనక 'అ' ఉంటే చెడుతుంది.

"గీ అట్టలతోటి నాకేం పని తమ్మీ? కూరల ఉప్పు సంగతి అడుగు, చెప్త."

"మీ అమ్మకు మతి తగ్గిందిరా, దుకాణం ఇచ్చేయ్" అన్నాను మేనల్లుడితో, ఆమె వింటుండగానే.

దుకాణం ఇంకా చేతులు మారలేదు. వారం తర్వాత ఒక సాయంత్రం వెళ్తే అక్క గుమ్మం దగ్గర కుర్చీలో ఉంది. అక్కడొక నియమం: నిన్నటి ఖాళీ క్యారియర్ ఇస్తేనే ఈరోజు నిండుది. నిండుది అడిగిన అమ్మాయిని ఆపింది. "నిన్నటిదేది బిడ్డా?" కవర్లో పప్పు తీసుకున్న పిల్లను అడగలేదు. ఖాళీది ఇచ్చేసిన పిల్లనూ అడగలేదు. నిన్నటిది ఇంకా ఇవ్వని మరో అమ్మాయి వెళ్లిపోతుంటే మాత్రం సంచి పట్టుకుంది. "గిందుల ఏముంది? జర తెరువ్."

లోపల నిండు క్యారియర్!

"పక్షవాతం చేతికే వచ్చింది, కళ్లకు రాలేదు ఆంటీ నీకు!" అంటూ ఆ పిల్ల నవ్వేసింది.

అవే నాలుగు అట్టలు: నిండుది అడిగిన పిల్ల 'అ', నిన్నటిది ఇవ్వని పిల్ల 7. తిప్పాల్సిన రెండే అక్క తిప్పింది.

ఒట్టి అక్షరాల నియమాన్నీ, మనుషుల మధ్య ఒప్పందాన్నీ మెదడు ఒకేలా పట్టుకోదు. ఈ మాట వేదికల మీద చప్పట్ల మధ్య చెప్పినవాణ్ణి నేనే. ఆ అట్టలు మొదటిసారి చూసినప్పుడు నేనూ 4 తిప్పాను. అది మాత్రం ఏ సభలోనూ చెప్పలేదు.

ఆ సాయంత్రమే మేనల్లుడికి చెప్పాల్సింది. నోరు రాక ఎల్బీ నగర్‌లో మా ఇంటికి వచ్చేశాను. మూడు మెట్రో స్టేషన్లు వెనక్కి వెళ్లడానికి నాకు పది రోజులు పట్టింది. అప్పటికి దుకాణంలో కూరగిన్నెల ముందు వేరే ఆమె నిలబడి ఉంది. ఇంట్లో అక్క ఎప్పటిలాగే పలకరించింది. "చాయ్ తాగుతవా తమ్మీ?" అంది.

మీరు తీర్పు చెప్పిన మనిషి దగ్గరికి ఈ పూటే వెళ్లండి. ఎవరి ముందు చెప్పారో వాళ్ల ముందే, తప్పు మీదని ఒప్పుకోండి.